తొమ్మిది ఊళ్ళ జట్టు, ఒంటిగంట అన్నం

మా మేడ మీద గదిలో అద్దెకుంటున్న శ్రీరమ్య సంగతి చెప్పాలంటే ముందు ఆ పిల్ల గొంతు దగ్గర మొదలుపెట్టాలి. పొద్దున తొమ్మిదయ్యేసరికి పైనుంచి "నమస్కారమండీ, మీకు ఏ డాక్టరు గారి దగ్గర టైము కావాలి" అని వినబడుతుంది. సాయంత్రం ఆరింటిదాకా ఆ గొంతు ఆగదు. వాళ్ళు దిగిన కొత్తలో ఎదురింటి బాపయ్య ఈ మాట విని, మా మేడ మీద ఆసుపత్రి పెట్టారనుకుని, మోకాలికి కట్టుకున్న గుడ్డ విప్పుకుంటూ మెట్లెక్కాడు. పైన డాక్టరు లేడు, సూది లేదు. చెవులకి నల్లటి డిప్పలు తగిలించుకుని ఒక ఆడపిల్ల కంప్యూటరు ముందు కూర్చుని గాలితో మాట్లాడుతోంది. కిందికొచ్చి గొంతు తగ్గించి, "బసవమ్మక్కా, ముందు ఆ పిల్లనే ఎవరికైనా చూపించండి" అన్నాడు.

ఆ పిల్లకేమీ కాలేదు. అది ఉద్యోగం.

శ్రీరమ్య పుట్టింది మార్టూరు దగ్గర ఒక పల్లెలో. తండ్రి లక్ష్మీకాంత్ జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు కట్టే పనిచేసి నడుం పోగొట్టుకున్నాడు. కూతురు మాత్రం కుర్చీలో కూర్చుని పనిచేయాలని అద్దంకిలో డిగ్రీ చదివించాడు. చదువయ్యాక హైదరాబాదులో ఒక కంపెనీలో చేరింది. ఆసుపత్రులకి జనం చేసే ఫోన్లన్నీ ఆ కంపెనీకి పోతాయి. అక్కడివాళ్ళు తీసి, ఏ డాక్టరు ఎప్పుడుంటాడో చెప్పి, పేరు రాసుకుంటారు. కరోనా రోజుల్లో అందరినీ ఎవరిళ్ళకి వాళ్ళని పంపారు. పంపినవాళ్ళు మళ్ళీ రమ్మనలేదు. పని నడుస్తోంది కదా, బల్లలెందుకు, కుర్చీలెందుకు అనుకున్నారు. ఒక్క అంతస్తు మాత్రం ఉంచుకున్నారట.

ఈ లోపల పెళ్ళయింది. మొగుడు వీరబాబు ఇక్కడే అద్దంకిలో, కోల్డు స్టోరేజీలో మిరపకాయ టిక్కీలు, అదే బస్తాలు, ఎక్కించే దించే లెక్క చూస్తాడు. నెమ్మదైన వాడు. పెళ్ళాం ఫోనులో మాట్లాడుతుంటే తలుపు చప్పుడు కాకుండా వేసుకోవడం నేర్చుకున్నాడు. ఏ మొగుడు నేర్చుకుంటాడు ఈ కాలంలో.

రెండేళ్ళ కిందట శ్రీరమ్యని జట్టుకి పెద్దని చేశారు. దాని కింద పన్నెండుమంది, పన్నెండు ఊళ్ళలో. సింగరాయకొండలో క్రిస్టీనా, పొదిలిలో సిద్దికా, గుంటూరులో బాలత్రిపురసుందరి, ఇంకా నరసరావుపేట అనీ ఒంగోలు అనీ ఉన్నారు. ఒకళ్ళనొకళ్ళు ఎన్నడూ చూసుకోలేదు. ఒకే పొలంలో పనిచేస్తూ మొహాలు తెలియని కూలీలని నేనెక్కడా వినలేదు.

పిల్ల మాత్రం పనిమంతురాలు. గోడకి పెద్ద కాగితం అంటించి, రంగురంగుల పెన్నులతో గళ్ళు గీసింది. ఎవరు ఎప్పుడు ఫోను దగ్గరుండాలి, ఎవరు ఎప్పుడు లేవాలి, అంతా అందులో ఉంటుంది. అందరూ ఒక్కసారి అన్నానికి లేస్తే ఫోన్లు మోగి మోగి ఆగిపోతాయని, పదకొండున్నర నుంచి ఒకరి తర్వాత ఒకరికి తలా అరగంట ఇచ్చింది. గీత తప్పకుండా గీసింది. చూసి నేను కూడా మెచ్చుకున్నాను. మెచ్చుకోకుండా ఉండాల్సింది.

ఆర్నెల్లలో ముగ్గురు మానేశారు. జీతం చాలక కాదు. పెద్ద కారణం కూడా ఏమీ చెప్పలేదు. "మీతో కొంచెం మాట్లాడాలి మేడం" అని ఒక సందేశం పెట్టడం, ఆ శుక్రవారమే రాజీనామా పంపడం. ముగ్గురిదీ అదే దారి.

ఇద్దరు పోగానే కంపెనీవాళ్ళు దీనికి మందు కనిపెట్టారు. శుక్రవారం నాలుగింటికి ఉల్లాసం అని ఒక కార్యక్రమం. అందరూ తెర మీదికి రావాలి. పసుపుపచ్చ మొహాల బొమ్మలు వస్తాయి, నవ్వేది, మూతి ముడుచుకున్నది, ఏడ్చేది. ఈ వారం నీ మనసెలా ఉందో దాన్ని నొక్కాలి. తర్వాత ప్రశ్నలూ జవాబులూ. నేనొకసారి మంచినీళ్ళు పట్టుకెళ్ళినట్టు వెళ్ళి చూశాను. తెర నిండా నల్లటి గళ్ళు, గళ్ళలో పేర్లు, ఒక్క మొహం లేదు. అందరూ నవ్వే బొమ్మే నొక్కారు. మూడోవాడు ఆ శుక్రవారం నవ్వే బొమ్మ నొక్కి గంట తిరక్కుండానే మానేశాడు.

మాఘమాసంలో ఒకరోజు పిల్ల అన్నం తినకుండా మెట్ల మీద కూర్చుంది. అడిగితే చెప్పింది. పై అధికారి అనంతపద్మనాభం గారు ఫోను చేశారట. మర్యాదస్తుడేనట, గొంతు పెంచడు. ఉగాదిలోపల ఇంకొక్కరు మానేస్తే మిగిలినవాళ్ళని వేరే జట్లలో కలిపేస్తామనీ, శ్రీరమ్య హైదరాబాదు వచ్చి ఆఫీసులో కూర్చోవాలనీ చెప్పారట. వీరబాబు పని ఇక్కడ, ఈ పిల్ల అక్కడ. పెళ్ళయి మూడేళ్ళు కాలేదు.

"నేనేం తక్కువ చేశాను మామ్మగారూ," అంది. "రోజూ ఒక్కొక్కరికీ ఫోను చేసి ఎలా ఉన్నారని అడుగుతాను."

"ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానంటారు. ఇంకేమంటారే, నీకు భయపడేవాళ్ళు," అన్నాను.

మిరపకోతలకి ఇరవై రెండేళ్ళు ఇరవైమంది ఆడవాళ్ళని తీసుకెళ్ళి తీసుకొచ్చినదాన్ని. ఒక్కదాన్నీ ఎలా ఉన్నావని అడిగిన పాపాన పోలేదు. మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద డబ్బా మూతలు తీస్తే చాలు, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవరు మొగుడితో పోట్లాడి కూర వండలేదో తెలిసిపోయేది. అడక్కుండానే పక్కదాని చెయ్యి ఆ డబ్బాలోకి పోయేది, ఈ డబ్బాలోంచి ముద్ద అందులో పడేది. ఇదే చెప్పాను. పిల్ల కళ్ళు తుడుచుకుని, తొమ్మిది ఊళ్ళలో తొమ్మిది డబ్బాలు, చేతులెలా అందుతాయని అడిగింది.

"బస్సులు లేవూ?" అన్నాను.

మా ఇంట్లో మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఉంది. పండుమిరపకాయ పచ్చడి ఒక గిన్నెలో, కంది పొడి ఒకదాంట్లో, నువ్వుండలు ఒకదాంట్లో పెట్టి బస్టాండులో పార్శిలు కౌంటరులో ఇచ్చాం. మొదట సింగరాయకొండకి. అందుకున్నవాళ్ళు తిని, తమ ఇంట్లోది ఏదైనా నింపి తర్వాతి వాళ్ళకి పంపాలి. గిన్నె ఖాళీగా పంపకూడదు. అంతే. శ్రీరమ్య దీనికి కూడా ఒక కాగితం తయారుచేసి, ఏ తేదీన ఎవరు అందుకోవాలి, ఫొటో ఎప్పుడు పెట్టాలి అని గళ్ళు గీయబోయింది. ఆ కాగితం నేను పొయ్యిలో పెట్టాను. వరస ఒక్కటీ పేర్లతో రాసి పంపిస్తే సరిపోయింది.

క్రిస్టీనా చాలా సరదా పిల్ల. క్యారేజీ కోసం బస్టాండుకి పోయి, అక్కడ పక్కింటావిడ కనబడితే గంటసేపు మాట్లాడొచ్చిందట. ఎన్నాళ్ళకో గడప దాటానని శ్రీరమ్యకి చెప్పి నవ్వింది. సముద్రం పక్కనున్న ఊరు కదా, ఎండురొయ్యల పొడి నింపి పొదిలి పంపింది. పొదిలి నుంచి గుంటూరు పోవాలి.

గుంటూరు పోలేదు. నాలుగో రోజున అద్దంకి వచ్చింది, మా పేరు మీద. విప్పి చూస్తే మూడు గిన్నెలూ ఖాళీ. తళతళలాడేలా తోమి ఉన్నాయి. అడుగున చిటికెడు పొడి కూడా లేదు.

నాకు ఒళ్ళు మండింది. చావింటికి పంపిన గిన్నెలాగా నా క్యారేజీని ఖాళీగా తిప్పి పంపే మనిషి ఎవరా అని, పైకి వినబడేలాగే నాలుగు మాటలన్నాను. శ్రీరమ్య ఫోను నా ముందు పెట్టింది. సిద్దికా పెట్టిన సందేశం. మీతో కొంచెం మాట్లాడాలి మేడం, శుక్రవారం వీలవుతుందా అని.

ఆ రోజు బుధవారం.

ఆ రాతకి జవాబు రాయబోతుంటే నేను వద్దన్నాను. మా కోతల్లో ఒక పద్ధతి ఉండేది. ఏ ఆడదైనా రెండు రోజులు పనిలోకి రాకపోతే మేస్త్రి దాని ఇంటికి పోవాలి. ఎందుకు రాలేదని మాత్రం అడగకూడదు. అడిగితే ఏదో ఒక జ్వరం చెప్పి తలుపేసుకుంటుంది. అన్నం వేళకి పోయి, ఆకలేస్తోంది, ముద్ద పెట్టమని అడగాలి. పెట్టే చెయ్యి ఊరికే ఉండదు, నోరు కూడా కదులుతుంది. పెట్టకపోతే అప్పుడు ఆలోచించాలి.

మర్నాడు శ్రీరమ్య సెలవు పెట్టింది. దర్శి మీదుగా పొదిలి బస్సెక్కాం. దారి పొడుగునా కళ్ళాల్లో ఎండు మిరప పరిచి ఉంది, బస్సంతా దగ్గులు. పిల్ల కిటికీ పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో పెదాలు కదిలించుకుంటూ వల్లె వేసుకుంటోంది. దిగేసరికి పన్నెండున్నర దాటింది.

సిద్దికా వాళ్ళ నాన్న జాన్ బాషాది బజారులో కుట్టుమిషను కొట్టు. ఆయనే ఇల్లు చూపించాడు. భార్య పోయి ఐదేళ్ళయిందనీ, పెద్దమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోయిందనీ, చిన్నది ఇంట్లోనే ఉద్యోగం చేసుకుంటోందనీ చెప్పి, "మీరు దాని ఆఫీసువాళ్ళా అమ్మా, ఆఫీసుకి మనుషులుంటారని నాకు ఇవ్వాళ్టిదాకా తెలియదు," అన్నాడు. గడప దగ్గర దిగబెట్టి, మిషను మీద పెళ్ళిబట్టలున్నాయని వెళ్ళిపోయాడు.

గది చిన్నది, శుభ్రంగా ఉంది. సిద్దికా చెవులకి డిప్పలు పెట్టుకుని ఎవరితోనో గుండె డాక్టరు సంగతి మాట్లాడుతోంది. సన్నటి పిల్ల, ఇరవై ఐదుంటాయేమో. శ్రీరమ్యని ఫొటోలో చూసిన గుర్తు మీద పోల్చుకుని, మాట తడబడి, మళ్ళీ సర్దుకుని, రోగికి టైము చెప్పి పెట్టేసింది. లేచి నిలబడింది. నిలబడి ఏం చేయాలో తెలియలేదు.

నేను చాప మీద కూర్చుని, "అమ్మాయ్, ఆకలేస్తోంది, అన్నం పెడతావా" అన్నాను.

పిల్ల గబగబా రెండు పళ్ళేలు తెచ్చింది. మూడోది కూడా తెమ్మన్నాను, నువ్వు కూర్చోకుండా మేం తినం అన్నాను. అప్పుడు శ్రీరమ్య వైపు చూసి, భయంగా, "నాది మూడున్నరకి కదా మేడం," అంది.

శ్రీరమ్య తల వంచుకుంది. ఆ గీతలు గీసింది తనే. పొదిలి, మూడున్నర అని ఆకుపచ్చ పెన్నుతో రాసింది తనే. నాకు ఆ గోడ మీది కాగితం కళ్ళ ముందు కనబడింది. ఇంకో పక్కనుంచి మళ్ళీ ఫోను మోగింది, సిద్దికా కూర్చుని నమస్కారమండీ అంది.

మూడున్నర దాకా కూర్చున్నాం. డెబ్బై రెండేళ్ళ కడుపుతో నేను, తప్పు తెలిసిన మొహంతో శ్రీరమ్య. రెండున్నర గంటలు ఆ పిల్ల పనిచేస్తుంటే చూశాం. ఒకావిడ తిట్టింది. ఒక ముసలాయన డాక్టరుకి బదులు తన కొడుకు సంగతంతా చెప్పాడు. ఒకాయన ఏడ్చాడు. అందరికీ మెత్తగా జవాబు చెప్పింది. నడుమ ఒక్కసారి కూడా గోడ వైపు తప్ప ఎటూ చూడలేదు, చూడటానికి ఏముంది గనక.

మూడున్నరకి డిప్పలు తీసింది. అన్నం చల్లారిపోయింది, మునక్కాయ పప్పు గడ్డకట్టింది. మళ్ళీ వెచ్చబెడతానంటే ఆగే ఓపిక లేదని నేనే కలుపుకున్నాను. బాగుంది. వంట చేతనైన పిల్లే. నాలుగు ముద్దలయ్యాక, క్యారేజీ గిన్నెలు ఇంత బాగా తోమావు, దేనితో తోమావని అడిగాను.

చింతపండుతో అంది. రొయ్యల వాసన పోవాలని మూడుసార్లు తోమిందట. తర్వాత వెళ్ళేది గుంటూరు బాలత్రిపురసుందరి గారింటికి కదా, వాళ్ళు పూజలు చేయించే ఇంటివాళ్ళు కదా.

"మూడుసార్లు తోమాక వాసన పోయిందండీ," అంది. "గోధుమపిండి, బెల్లం కలిపి నేతి బిళ్ళలు కూడా చేశాను. అప్పుడనిపించింది, వాసన పోతుంది గానీ చేసిన చెయ్యి నాదే కదా, వాళ్ళు తింటారా, పారేస్తారా అని. పారేస్తే నాకు తెలియదు. తెలియకపోవడం ఇంకా కష్టం. అందుకని మీకే పంపించేశాను."

బిళ్ళలేమయ్యాయని అడిగితే డబ్బా తెచ్చి చూపించింది. ఒక్కటి కూడా ముట్టుకోలేదు. నేనొకటి తిన్నాను, రెండోది కూడా తిన్నాను. నా క్యారేజీకి చేసిన అవమానం అక్కడితో తీరింది.

శ్రీరమ్య అప్పుడు దారిలో వల్లె వేసుకున్న మాటలేవీ చెప్పలేదు. ఫోను తీసి ఆ రోజు సెలవులో ఉన్న బాలత్రిపురసుందరికే చేసింది. మొహాలు కనబడే ఫోను. అటు పక్క నుదుట పెద్ద బొట్టుతో లావుపాటి పిల్ల, ఇటు సిద్దికా. రెండేళ్ళుగా ఒకే జట్టు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు అప్పుడే చూడటం. శ్రీరమ్య సంగతంతా చెప్పింది. సిద్దికా బిళ్ళల డబ్బాకి మూత పెట్టేసింది.

"మా అత్తగారికి మడి ఉంది, నిజమే," అంది బాలత్రిపురసుందరి. "అందుకే ఆవిడకి చెప్పను. చెబితే మడి కాసేపు పక్కన పెట్టి మొత్తం తినేస్తుంది, నాకు మిగలదు. రేపటి బస్సుకి పంపించు. పంపకపోతే నేనే వస్తా, వస్తే నాలుగు రోజులుంటా, ఆలోచించుకో."

సిద్దికా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, పొద్దుట్నించి సాయంత్రం దాకా వందమంది తనతో మాట్లాడతారనీ, అందులో తనకి చెప్పే మాట ఒక్కటీ ఉండదనీ అంది. అక్క పెళ్ళయ్యాక పగటిపూట మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తినడం ఇదే మొదటిసారట. నాన్న ఒంటిగంటన్నరకి కొట్లోనే తినేస్తాడు. మూడున్నరకి ఇంటికొచ్చి చేసేదేముంది.

శుక్రవారం సంగతి ఎవరూ ఎత్తలేదు. నాలుగయింది, డిప్పలు పెట్టుకుంది, మేం బయల్దేరాం.

తిరుగు బస్సులో శ్రీరమ్య కిటికీ పక్క సీటు నాకిచ్చింది. దర్శిలో, "నేనే కదండీ, వాళ్ళని విడివిడిగా కూర్చోబెట్టింది" అంది. కంపెనీ ఇళ్ళకి పంపితే పంపింది, అన్నం కూడా ఒంటరిగా తినమని గీత గీసింది తనే అని దాని బాధ. అందరూ ఒక్కసారి లేస్తే ఫోన్లు ఆగిపోతాయి, మళ్ళీ అదే చిక్కు.

"పెళ్ళికి వెయ్యిమందొస్తే ఒకే బంతిలో కూర్చుంటారటే?" అన్నాను. "రెండు బంతులు వేస్తారు."

మర్నాడు పొద్దున్నే అనంతపద్మనాభం గారికి ఫోను చేసింది. నేను మెట్ల మీద చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చున్నాను, వినడానికి కాదు, గాలికి. ఐదుగురు ఒంటిగంటకి, నలుగురు ఒంటిగంటన్నరకి లేస్తారని చెప్పింది. ఫోన్లు ఆలస్యమవుతాయని ఆయన అన్నట్టున్నాడు. అవుతాయండీ, అరగంట సేపు జనం కొంచెం ఆగాల్సొస్తుంది, మనిషి మానేస్తే కొత్తమనిషి నేర్చుకునే మూడు నెలలూ ఆగాల్సొస్తుంది అంది. మెత్తగానే అంది, వెనక్కి మాత్రం తగ్గలేదు. శుక్రవారం ఉల్లాసం కూడా ఆపేస్తానంది. ఆయన చాలాసేపు మాట్లాడి, చివరికి ఒక నెల చూద్దామన్నాడట. ఫోను పెట్టేశాక గోడ మీది కాగితం ఊడదీసి మడిచి, వీరబాబు చేత కొత్తది తెప్పించుకుంది. ఈసారి రెండే గళ్ళు, దాని ఫొటో తొమ్మిదిమందికీ పంపింది.

నాలుగింటికి సిద్దికా ఫోను వచ్చింది, మాట్లాడాలని అడిగిన శుక్రవారం అది. శ్రీరమ్య నన్ను పైకి పిలిచింది, ఒక్కతే వినలేనని. ఆ పిల్ల ముందు కొంచెం తటపటాయించింది. రాజీనామా రాసి పెట్టుకున్నానని దాచకుండా చెప్పింది. పంపడం సంగతి తర్వాత చూస్తాను, ముందు నన్ను రెండో బంతిలో వేస్తారా మేడం అని అడిగింది. ఒంటిగంటన్నరకైతే నాన్న కొట్టు మూసి ఇంటికొచ్చి తింటానన్నాడట.

రెండో బంతిలో వేశారు. సిద్దికా, క్రిస్టీనా, బాలత్రిపురసుందరి, నరసరావుపేట గఫూర్. ఫోను చెంబుకి ఆనించి పెట్టుకుని ఎవరిళ్ళలో వాళ్ళు తింటారు. శ్రీరమ్యకి రెండు బంతుల్లోనూ కూర్చోక తప్పదు, మొదటిదాంట్లో అన్నం, రెండోదాంట్లో మజ్జిగ. మొదటి వారం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, నమిలే చప్పుడే. రెండో వారం గఫూర్ వరసగా నాలుగోరోజు దోసకాయ పప్పు తింటున్నాడని క్రిస్టీనా పట్టుకుంది. ఊళ్ళో ఇంకో కూరగాయ దొరకదా అని అడిగితే, వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదనీ, తనకి వచ్చిన వంట అదొక్కటేననీ బయటపడింది. ఆ సాయంత్రం బాలత్రిపురసుందరి వాడికి బెండకాయ వేపుడు నేర్పింది, ఫోనులోనే. మాడ్చాడట. మర్నాడు మాడిందే తిని అందరికీ చూపించాడు.

ఉగాది వచ్చింది. అనంతపద్మనాభం గారు తలలు లెక్కపెట్టుకున్నారు. తొమ్మిదీ ఉన్నాయి. జట్టు ఎవరిదీ మారలేదు, శ్రీరమ్య హైదరాబాదు పోలేదు. సిద్దికా రాసుకున్న రాజీనామా ఏమైందని ఎవరూ అడగలేదు, అడగాల్సిన పని కూడా లేదు. ఆయన మాత్రం వేరే జట్లకి కూడా పనికొస్తుందని, ఏ పద్ధతి వాడారో నాలుగు పేజీలు రాసి పంపమన్నారట. పిల్ల మూడు రోజులు తల పట్టుకుని, ఒంటిగంటకి అన్నం తిన్నాం అని ఒక్క ముక్క రాసి పంపింది. ఆయన ఇంకా వివరంగా కావాలన్నారు. చదువుకున్నవాళ్ళకి అంతే, అన్నం తిన్నామంటే నమ్మరు.

ఈ మధ్య ఒంటిగంటన్నరకి నన్ను కూడా పైకి పిలుస్తున్నారు. నిన్న గుత్తి వంకాయ పట్టుకెళ్ళి కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, పొదిలి పిల్ల అటునుంచి నా మొహం మారడం చూసింది. "మామ్మగారూ, కూరలో ఉప్పు రెండుసార్లు వేశారా," అంది.

ఉప్పు సరిగ్గానే ఉందని చెప్పి, రెండో ముద్ద కలుపుకున్నాను. అది నమ్మలేదు.